మరలూ అంకెలూ

రాబర్ట్ మోగ్ పేరును చాలామంది ‘మూగ్’ అని పలుకుతారు. ఆయన జీవించి ఉన్నంతకాలం, అంటే 2005 వరకు, అడిగినవారికల్లా ‘వోగ్’ అనే మాటకు ప్రాస కలిసేట్లు పలకమని చెబుతూ వచ్చారు. ఇంగ్లీషువారికి ఇది ఉచ్చారణకు సంబంధించిన చిన్న సందేహం మాత్రమే. మనకు అంతకంటె ఎక్కువ. ఒక్క అచ్చు తప్పితే నోరులేని మూగ. సరిగా పలికితే గంటలాగా మోగు. ధ్వనియంత్రాలు చేసినవారికి ఇంతకంటె తగిన పేరు తెలుగువాళ్ళం కూర్చుని ఆలోచించినా దొరకదు. అంత చక్కగా పలికే పేరున్న మనిషి తన యంత్రభాగాలను మాత్రం అంకెలతో పిలిచారు. నేను చెప్పదలుచుకున్నది ఆ అంకెల గురించే.

మాడ్యులర్ సింథసైజరును చూడనివారికోసం రెండు మాటలు. అది ఒక వాయిద్యం కాదు. అనేక చిన్న మరల సముదాయం. ఒక్కొక్క మర ఒక్కొక్క పనే చేస్తుంది. ఒకటి కంపనాన్ని పుట్టిస్తుంది, అది ఆసిలేటరు. ఒకటి ఆ కంపనంలోని పై పొరలను కోసివేస్తుంది; అది ఫిల్టరు. ఒకటి ధ్వనిని పెంచి తగ్గిస్తుంది, అది ఆంప్లిఫయరు. ఇంకొకటి ధ్వని ఎంత త్వరగా లేవాలో, ఎంత నింపాదిగా అణగాలో నిర్ణయిస్తుంది. దానిని ఎన్వలప్ అంటారు. వీటి మధ్య పుట్టుకతో వచ్చిన బంధం ఏదీ ఉండదు. పాతకాలపు టెలిఫోను ఎక్స్చేంజిలో ఆపరేటరు తీగలు గుచ్చినట్లు మనమే తీగలు గుచ్చి బంధుత్వం కలపాలి. వోల్టేజి ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి పోతుందన్నది మోగ్ స్థిరపరచిన నియమం. హెర్బర్ట్ డాయిష్ అనే సంగీతకారునితో కలిసి ఆయన మొదటి నమూనాను 1964లో తయారుచేశారు. న్యూయార్కు రాష్ట్రంలోని ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో ఆయన పనిశాల ఉండేది.

ఆ పనిశాలనుంచి వచ్చిన మరలలో ఎక్కువ తొమ్మిదివందల వరుసలోనివి. 901 ఆసిలేటరు. 902 ఆంప్లిఫయరు. 903 హోరు పుట్టించేది. 904 ఫిల్టరు. 905 స్ప్రింగుల సాయంతో ప్రతిధ్వనినిచ్చే పెట్టె. ఇలా కొంతదూరం పోయి 911 దగ్గర ఎన్వలప్ వస్తుంది. ఆ తరువాత పెద్ద గెంతు: 950లలో చేతితో వాయించేవి, అంటే కీబోర్డూ, వేలితో రాసే రిబ్బనూ, 960లలో స్వరాలను వరుసగా తమంతట తామే నడిపించే సీక్వెన్సర్లు, 990లలో ఒక తీగను పలు తీగలుగా చీల్చే పలకలూ, వోల్టేజిని తగ్గించే పలకలూ. ఇంటి ముందు వసారా, నడుమ గది, వెనుక వంటిల్లు, పెరడు అన్నట్లుగా ఒక క్రమం కనిపిస్తుంది. నడుమ ఖాళీ విడిచిన అంకెలు ముందు పుట్టబోయేవారి కోసం కాబోలు.

అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ఈ క్రమం సడలిపోతుంది. 901ఎ యజమాని, 901బి సేవకుడు: మొదటిది వోల్టేజిని అందుకుని ఆజ్ఞ ఇస్తుంది, రెండవది దాని వెంట కంపిస్తుంది. 904కు వస్తే ఎ, బి, సి అక్షరాల అర్థం వేరు. 904ఎ కింది పౌనఃపున్యాలను మాత్రమే పోనిస్తుంది. నిచ్చెన మెట్లలా ట్రాన్సిస్టర్లను పేర్చిన ఈ ఫిల్టరుకే 1969లో పేటెంటు వచ్చింది. మోగ్ ధ్వని అని లోకం గుర్తుపట్టేది దీనినే. 904బి పై పౌనఃపున్యాలను పోనిస్తుంది. 904సి స్వయంగా ఏ ధ్వనినీ మలచదు, ఆ రెండింటినీ కలిపే పురోహితుడు మాత్రమే. ఇక 911ఎ అనేది 911కు తమ్ముడూ కాదు, సేవకుడూ కాదు. అది సంకేతాన్ని కాసేపు ఆపి పంపే మర, ఎన్వలపే కాదు. ఒకే ‘ఎ’ మూడుచోట్ల మూడు అర్థాలిచ్చింది. శాస్త్రకారుడు కూర్చుని రచించిన పట్టికలో ఇలా జరగదు. పని జరుగుతుండగా, అవసరం పడినప్పుడల్లా పక్కన చేర్చుకుంటూ పోయిన పట్టికలో ఇలాగే జరుగుతుంది. నాకు ఈ రెండవ రకమే ఇష్టం. అందులో మనుషుల రాకపోకలు తెలుస్తాయి. 911నే చూడండి. లేవటం, దిగటం, నిలవటం, అణగటం అనే నాలుగు దశలను కోరినవారు కొలంబియా-ప్రిన్స్‌టన్ స్టూడియోకు చెందిన వ్లాదిమిర్ ఉసచెవ్‌స్కీ. ఒక సంగీతకారుని కోరిక ఆ పట్టికలో ఒక అంకె అయి కూర్చుంది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఆ తొమ్మిదివందల వరుస మన దేశానికీ వచ్చింది. 1969లో డేవిడ్ ట్యూడర్ చేతుల మీదుగా అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మోగ్ యంత్రంతో ఒక స్టూడియో వెలిసింది. గీతా సారాభాయి, అతుల్ దేశాయి మొదలైనవారు దానిపై పనిచేశారు. కొన్నేళ్ళకే ఆ స్టూడియో మూతపడింది. టేపులు మాత్రం భాండాగారంలో మిగిలి ఉండి, పాల్ పర్గస్ కంటపడి, 2023లో లోకానికి వినిపించాయి. కీబోర్డు మెట్లకు కట్టుబడని యంత్రం, గమకం తెలిసిన దేశం కలిసి ఇంకొంతకాలం సాగి ఉంటే ఏమయ్యేదో అని నేను అప్పుడప్పుడు అనుకుంటూ ఉంటాను.

అదే 1960లలో అమెరికా పడమటి తీరాన డాన్ బుక్లా మరొక వరుస మొదలుపెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కో టేప్ మ్యూజిక్ సెంటరుకు చెందిన మోర్టన్ సుబోట్నిక్, రమోన్ సెండర్ కోరికపై ఆయన తయారుచేసినది నూరుల వరుస. 1970లో రెండువందల వరుస వచ్చింది. తన యంత్రాలను సింథసైజర్లు అనటం బుక్లాకు నచ్చేది కాదు. ఆయన అంకెలలో ఒక అందం ఉంది. 158 ఆసిలేటరు, రెండువందల వరుసలో అదే 258, తరువాత 259. యాదృచ్ఛిక వోల్టేజిలనిచ్చే 165కు వారసులు 265, 266. 180 ఎన్వలపు వంటిది. దాని సంతతి 281. నూరులు తరాన్ని చెబుతాయి, పదులు వంశాన్ని చెబుతాయి. ఇంటిపేరు ముందూ తనపేరు వెనుకా పెట్టుకునే మనబోటివారికి ఇది ఎవరూ వివరించనక్కరలేదు. అపవాదాలు ఉన్నాయి, 144 కూడా ఆసిలేటరే. అయినా వంశం తెలుస్తూనే ఉంటుంది. 2004లో వచ్చిన కొత్త తరంలో కూడా 259ఈ, 266ఈ, 292ఈ అని పాత అంకెలకే తోక తగిలించారు.

అంకె ఒక్కటే కాదు, బుక్లా పెట్టిన పేర్లూ ఆలోచింపజేసేవే. 266కు ఆయన పెట్టిన పేరు ‘సోర్స్ ఆఫ్ అన్‌సర్టెంటీ’, అనిశ్చితికి ఊట. మోగ్ 903ను హోరు అనే ధ్వనిగా చూస్తే, బుక్లా అదే యాదృచ్ఛికతను సంగీతానికి దారి చూపే శక్తిగా చూశారు. ఏది ధ్వని, ఏది ధ్వనికి ఆజ్ఞ అన్న భేదం ఆయన దృష్టిలో చాలా పెద్దది. అందుకనే రెండింటికీ రెండు రకాల తీగలు, రెండు రకాల రంధ్రాలు పెట్టారు. మోగ్ యంత్రంలో ధ్వనిని పట్టుకుపోయి ఆజ్ఞగా గుచ్చవచ్చు; అడ్డు చెప్పేవారు లేరు. వర్గీకరణ అంటే పట్టికలో గీతలు గీయటమే అనుకుంటాం కాని, ఇక్కడ ఆ గీత ఇత్తడి రంధ్రంగా మారి చేతికి తగులుతుంది.

ఇంతవరకు వచ్చిన తెలుగు చదువరికి మేళకర్తలు గుర్తు రాకుండా ఉండవు. పదిహేడవ శతాబ్దిలో వేంకటమఖి డెబ్బైరెండు మేళాల ప్రస్తారం వేశాడు. తరువాతివారు కటపయాది సూత్రం ప్రకారం పేర్లలోనే అంకెలను దాచారు. పేరులోని మొదటి రెండక్షరాలకు అంకెలు కట్టి, వాటిని తిరగవేస్తే మేళసంఖ్య వస్తుంది. మాయామాళవగౌళలో మ అయిదు, య ఒకటి, తిరగవేస్తే పదిహేను. దీని ఘనత ఇక్కడితో ఆగదు. పదిహేను అని తెలిస్తే చాలు, ఆ రాగంలోని స్వరాలన్నిటినీ పుస్తకం తెరవకుండా లెక్కకట్టవచ్చు. ముప్ఫైఆరు దాటలేదు గనుక శుద్ధమధ్యమం. మూడవ చక్రంలో మూడవది గనుక మిగిలిన స్వరాలు ఇవీ అని వ్రేళ్ళమీద చెప్పవచ్చు. 904 అన్న అంకెనుంచి నిచ్చెన ఫిల్టరును లెక్కకట్టటం ఎవరికీ సాధ్యం కాదు. మోగ్ అంకె చిరునామా. మేళకర్త అంకె సూత్రం.

అయితే ఆ సూత్రానికీ వెల ఉంది. శంకరాభరణం పాత పేరు. ఇరవైతొమ్మిది రావటానికి దాని ముందు ‘ధీర’ చేర్చవలసి వచ్చింది. కాంభోజికి ‘హరి’, కల్యాణికి ‘మేచ’ అలాగే తగిలాయి. నఠభైరవిలో ఆ ఠకారం ఎందుకో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ట అయితే ఒకటి, ఠ అయితేనే రెండు. ఇరవై రావాలంటే ఠ తప్పదు. నోటికి సహజంగా వచ్చిన పేరు లెక్కకు తలవంచింది. పైగా అసలు భైరవి ఆ ఇరవైలో పూర్తిగా ఇమడదు. అది రెండు ధైవతాలనూ పలుకుతుంది. అందుచేత దానిని జన్యమని, భాషాంగమని చెప్పి ఇరవై కింద చేర్చారు. భైరవి పాడేవారెవ్వరూ తాము పరాయి స్వరం పాడుతున్నామనుకోరు. అది పరాయిదని చెప్పేది పట్టిక.

ఈ పోలికను దృష్టిలో పెట్టుకుని మూడవ వరుసను చూద్దాం. నేడు యూరోర్యాక్ అని లోకమంతా పిలిచే చిన్న పరిమాణపు మరలకు మూలం డీటర్ డోప్‌ఫర్ 1995లో తెచ్చిన ఎ-100 వరుస. మ్యూనిక్ పక్కన గ్రేఫెల్‌ఫింగ్‌లో ఈ సంస్థ ఉంది. ఇందులో పదులే వర్గాలు. 110 మొదలు ధ్వనిమూలాలు, 120 మొదలు ఫిల్టర్లు, 130 మొదలు ఆంప్లిఫయర్లు, 140 మొదలు ఎన్వలపులూ మెల్లగా ఊగే ఆసిలేటర్లూ, 150లలో స్విచ్చులూ సీక్వెన్సర్లూ, 160లలో కాలాన్ని భాగించేవి. 1970ల చివర రోలండ్ తెచ్చిన సిస్టం-100ఎంలో కూడా 112 ఆసిలేటరే, 121 ఫిల్టరే, 130 ఆంప్లిఫయరే, 140 ఎన్వలపే. ధ్వని పుట్టి, మలచబడి, పెరిగి, అణిగే దారినే అంకెలూ నడుస్తాయి. కొత్తగా నేర్చుకునేవారికి ఇది ఒక బాలశిక్ష. అంకెల వరుసలో తీగ కలుపుకుంటూ పోతే చివరకు ఏదో ఒక స్వరం వినిపించి తీరుతుంది.

చిక్కు మొదలయ్యేది పది గదులూ నిండినప్పుడు. 120 నుంచి 129 వరకు నిండాక పదకొండవ ఫిల్టరు పుడితే ఎక్కడ పెట్టాలి? అడ్డగీత పెట్టి ఉపసంఖ్యలిచ్చారు. 138కి ఎ, బి వచ్చాయి. రెండూ మిక్సర్లే, నాబు తిప్పినప్పుడు పెరిగే తీరులోనే తేడా. ధ్వని పౌనఃపున్యాన్నే జరిపివేసే మర 126వ గదిలో ఫిల్టర్ల మధ్య కాపురం చేస్తున్నది; అది ఫిల్టరు అవునా అని నన్నడిగితే కాదనే అంటాను. ఇవన్నీ సర్దుకుపోదగిన చిక్కులే. సర్దుకోలేనిది ఒకటుంది. అది ఎ-101-2.

దీనికి మూలం బుక్లా 292. దాని పేరు లోపాస్ గేట్. ధ్వనిని తగ్గిస్తున్నకొద్దీ దానిలోని పై పొరలు కూడా తమంతట తామే తగ్గుతాయి. లోకంలో ధ్వనులు ఎక్కువగా ఇలాగే అణుగుతాయి. మీటిన తీగ మొదట మెరుపుతో పలికి, శబ్దం సన్నగిల్లేకొద్దీ మెత్తబడుతుంది. ధ్వనిని ఒక మరలోనూ, దాని వన్నెను వేరొక మరలోనూ మలచాలన్న ఏర్పాటు మన సౌకర్యమే గాని ప్రకృతిది కాదు. మరి ఈ మర ఫిల్టరా, ఆంప్లిఫయరా? 120లలోకి పోవాలా, 130లలోకి పోవాలా? డోప్‌ఫర్ దానిని రెండుచోట్లా పెట్టలేదు. 101 అనే కొత్త గది తెరిచి, దాని పక్కన 101-1 అనే ఒక ఫిల్టరునూ, 101-3 అనే ఒక ఫేజరునూ కూర్చోబెట్టారు. ఈ మూడింటికీ పనిలో పెద్దగా పోలిక లేదు. మూడింటి కడుపులోనూ వ్యాక్ట్రాల్ ఉంది, అంతే. వ్యాక్ట్రాల్ అంటే ఒక చిన్న దీపాన్నీ, వెలుగు సోకితే మారే నిరోధాన్నీ ఒకే గుల్లలో బంధించిన భాగం. దీపం ఆరినా నిరోధం వెంటనే తేరుకోదు, నెమ్మదిగా తేరుకుంటుంది. లోపాస్ గేట్ పలుకులోని ఆ సహజమైన అణకువ అక్కడినుంచి వచ్చినదే. పనిని బట్టి ఇమడనిదానికి పదార్థాన్ని బట్టి చోటు దొరికింది. భైరవిని ఇరవై కింద జన్యమని చేర్చిన పెద్దలకంటె ఇది కొంత ఉదారమైన తీర్పని నా అభిప్రాయం.

అంకెలే వద్దన్నవారూ ఉన్నారు. సెర్జ్ చెరెప్నిన్ 1970లలో చేసిన మరల్లో ‘డ్యుయల్ యూనివర్సల్ స్లోప్ జనరేటర్’ ఒకటి. తీగ గుచ్చేదాన్ని బట్టి అది ఎన్వలపు అవుతుంది, ఊగే ఆసిలేటరు అవుతుంది, స్వరాన్ని జార్చే మర అవుతుంది. దానికి ఏ అంకె వేస్తాం? ఆ దారిలో వచ్చిన నేటి చేతిపనివారు మ్యాథ్స్ అనీ, రింగ్స్ అనీ, క్లౌడ్స్ అనీ పేర్లు పెట్టుకున్నారు. వినటానికి బాగుంటాయి. పేరు విని పని తెలుసుకోవటం మాత్రం జాతకచక్రం లేకుండా జాతకం చెప్పటమే.

ఇదంతా నాకు వినోదంగా ఉండిన విషయమే, మా బాబాయిగారు పోయేవరకు. ఆయన నాకు రక్తసంబంధం లేని బాబాయి. ఈ దేశం వచ్చిన కొత్తలో అన్నం పెట్టిన ఇంటివారు. విద్యుత్తు ఇంజనీరుగా పనిచేసి విరమించి, ఎ-100 పెట్టె ఒకటి కొనుక్కుని, దానిని ఏళ్ళతరబడి నింపుకుంటూ వచ్చారు. ఆయన పోయిన నాలుగు నెలలకు పిన్నిగారు ఫోను చేశారు.

“ఏది ఏమిటో నాకు తెలియదు నాయనా. నువ్వొక జాబితా రాసిపెడితే అబ్బాయి అమ్మకానికి పెడతానంటున్నాడు.”

వెళ్ళి చూస్తే పెట్టె నిండా తీగలు గుచ్చి ఉన్నాయి. నేను మీట వేశాను. తంబురా మోగింది. తంబురా అంటే తంబురా కాదు, దానికి దూరపు చుట్టం: పంచమం, షడ్జం, షడ్జం, మంద్రషడ్జం, మళ్ళీ పంచమం. ఏళ్ళుగా ఉదయంపూట పిన్నిగారు పాడుకుంటున్నది ఆ శ్రుతిమీదనేనట. జాబితాకు అంకెలు కావాలి. అంకెలు రేకుమీద ఉన్నాయి, చదువుకోవచ్చు. కాని మరలను అమ్మాలంటే తీగలు తీయాలి.

“తీగలు తీసేస్తే ఈ శ్రుతి మళ్ళీ రాదా?” అని ఆవిడ అడిగారు.

రాకపోదు, కాని అది జాబితాలో ఉండదు. కొనేవారికి కావలసినవి 110, 120, 130 అనే అంకెలు. ఏ మర ఏ మరతో ఎన్నేళ్ళు కాపురం చేసిందో ఏ వర్గీకరణలోనూ గడి లేదు. అందుకని ఆ మధ్యాహ్నం రెండు జాబితాలు రాశాను. మొదటిది అంకెల వరుసలో. రెండవది తీగల వరుసలో: 145 ఊగుతూ 155ను అడుగువేయిస్తుంది, 155 స్వరాన్ని 110కి, మీటును 140కి చెబుతుంది, 140 వెళ్ళి 101-2ను తెరుస్తుంది, 110 కంపనం 101-2 లోంచి 138కీ, 199 స్ప్రింగులలోకీ పోతుంది. నాబుల ముల్లు ఎక్కడ నిలిచిందో పెన్సిలుతో బొమ్మలు వేశాను. మీటిన తీగలాగా మెత్తబడుతున్నది ఆ 101-2 వల్లనే. మామూలు 130 ఆంప్లిఫయరుతో ఇది గడియారపు గంటలాగా ఉండేది.

పిన్నిగారు రెండవ జాబితాను చాలాసేపు చూశారు. ఆవిడకు అంకెలు అర్థం కాలేదు, కాని ఏది ఎక్కడికి పోతున్నదో వ్రేలితో అనుసరించి, “ఈ ఏడూ ఉంచెయ్యి నాయనా, తక్కినవి అబ్బాయి ఇష్టం” అన్నారు.

తక్కినవి అమ్ముడుపోయాయి. పెట్టెలో అక్కడక్కడా నోళ్ళు తెరుచుకుని లోపలి విద్యుత్తు పట్టీలు కనిపిస్తున్నాయి. వాటిని మూయటానికి ఖాళీ రేకులు దొరుకుతాయి. డోప్‌ఫర్ పట్టికలో వాటికీ అంకెలున్నాయి. ఎనిమిది కొలమానాల వెడల్పు రేకు ఎ-100బి8, నాలుగైతే ఎ-100బి4. రంధ్రం లేదు, నాబు లేదు, ధ్వని లేదు. కాని అంకె విని వస్తువును లెక్కకట్టగలిగేది ఆ వరుసలో ఇదొక్కటే. 120 ఉండిన చోట ఒక బి8, 131 ఉండిన చోట మరొక బి8 తెప్పించి మొన్న ఆదివారం బిగించి వచ్చాను.